ముందుగది వెలుతురు

సోమవారం సాయంత్రం నాలుగు దాటింది. ముందుగదిలో కిటికీ పక్కనున్న బల్ల దగ్గర కూర్చుని ఆమె గులాబీరంగు మైనంలో పై దవడ పళ్ళు ఒక్కొక్కటే నిలబెడుతోంది. స్పిరిట్ దీపం మీద చిన్న కత్తి మొన కాల్చడం, ఆ మొనతో మైనాన్ని కరిగించడం, అది గడ్డకట్టేలోపు పన్నును వేలితో సవరించడం, కింది దవడతో కలిపి ఒకసారి కొరికించి చూడడం. కోరపన్ను కాస్త ముందుకు తొంగిచూస్తోంది. దాన్ని వెనక్కి నొక్కబోతూ ఉండగా గుమ్మం ముందు టాక్సీ ఆగింది.

కట్టుడుపళ్ళు తయారుచేస్తుంది కనక వీధిలో అందరూ ఆమెను పళ్ళావిడ అంటారు. ఆ పేరు విని కొత్తవాళ్ళెవరైనా వచ్చి పళ్ళు డజనెంత అని అడిగితే, "ఇక్కడున్నవి కొరికే పళ్ళు నాయనా, కొరుక్కు తినేవి కాదు" అని లోపలినుంచే అత్తగారు చెప్పి పంపేస్తుంది.

టాక్సీ ఆమె భర్తదే. ఊరు చూడ్డానికొచ్చే విదేశీయులను తిప్పుతుంటాడు. ఈ వేళకి ఎప్పుడూ ఇంటికి రాడు. బండి నెత్తిన రెండు సైకిళ్ళు తాళ్ళతో కట్టి ఉన్నాయి. వెనక తలుపులోంచి తెల్లాయన ఒకడు ముందు మోకాళ్ళు, తర్వాత నడుము, చివరికి తల బయటికి తెచ్చుకుని నిటారుగా నిలబడ్డాడు. రెండో వైపునుంచి ముక్కు మీద చర్మం ఎండకి పొరలుగా లేచిపోయిన తెల్లమ్మాయి దిగింది.

"ఇదిగో, చూడు ఎవరొచ్చారో!" అన్నాడు భర్త. అతని మొహం వెలిగిపోతోంది. "హైవే మీద దొరికారు. వెనక చక్రం ఇరుసు విరిగింది పాపం. కొత్త ఇరుసు పార్సిల్లో రావాలట, నాలుగైదు రోజులు పడుతుంది. అందాకా మనింట్లోనే ఉంటారు."

"ఎక్కడ?"

"ముందుగది ఉందిగా."

పన్ను ఇంకా ఆమె రెండు వేళ్ళ మధ్యే ఉంది. "ఇది నా పనిగది కదండీ. లోపలి గది వాళ్ళకిద్దాం, మనం వంటింట్లో సర్దుకుందాం. ఈ కిటికీ వెలుతురు లేకపోతే నాకు పని సాగదు. ఈ సంగతి వాళ్ళకి చెప్పండి."

అతను వాళ్ళవైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఇద్దరూ గుండెలమీద చేతులు పెట్టుకుని ఆమెకేసి తలలు వంచారు. అమ్మాయికి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"ఏం చెప్పారు?"

"నువ్వు చెప్పిందే."

తను అంత పొడుగ్గా చెప్పిన మాట వాళ్ళ భాషలో ఇంత పొట్టిగా ఎలా అయిందా అని ఆమెకు అనుమానం వచ్చింది. కానీ మైనం చల్లారిపోతోంది. పన్ను సవరించేసరికే తెల్లాయన తన మూటలు ముందుగదిలో దింపేశాడు.

పని సామాను బల్లతో సహా వంటింట్లోకి చేరింది. ఇరవైయారు ప్లాస్టరు దవడలు, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో రాసిన ఒక్కో పేరు, అలమరలో పప్పుల డబ్బాల పక్కన వరసగా కూర్చున్నాయి. పళ్ళు అరగదీసే మోటారు వంటింట్లో పెట్టడానికి లేదు, దాని దుమ్ము తిండిలో పడుతుంది. దాన్ని పెరటి మెట్టు మీద రేకు కింద పెట్టుకుంది. రాత్రి భోజనాల దగ్గర అత్తగారు అలమర వైపు చూసి కంచం పక్కకి జరుపుకుంది.

"ఊళ్ళో జనమంతా నోరు తెరుచుకుని నా కంచంలోకే చూస్తున్నట్టుందే."

భర్త పగలబడి నవ్వాడు. అతిథులకు ఆ మాట చెప్పాడు, వాళ్ళూ నవ్వారు. అలాంటి మాటలు మాత్రం అతను ఇట్టే చెప్పేస్తాడు.

మంగళవారం పదింటికి పళ్ళ డాక్టరు పంపిన టీచరమ్మ వచ్చింది. పాతికేళ్ళుంటాయి. నెల కిందట స్కూటరు మీదనుంచి పడితే పైవరసలో ముందుపళ్ళు నాలుగు ఊడిపోయాయి. అప్పట్నుంచి ఆ పిల్ల నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది. చెయ్యి తియ్యమంటే కళ్ళు దించుకుని తీస్తుంది.

మొత్తం పళ్ళు కట్టేటప్పుడు రంగు గురించి అంత తంటా లేదు. ముందు నాలుగు మాత్రమే కట్టేటప్పుడు అటూ ఇటూ ఉన్న సొంత పళ్ళకి అవి చుట్టాల్లా కనిపించాలి. అందుకే డాక్టరు రంగు తను చూడడు. "ఆవిడ కన్ను నా కన్నుకన్నా నయం, వెళ్ళి కిటికీ దగ్గర కూర్చో" అని మనుషుల్నే పంపేస్తాడు. పదకొండేళ్ళుగా అలాగే జరుగుతోంది.

ముందుగది తలుపు మూసి ఉంది. లోపల గురక.

"పది దాటింది. కాస్త లేపుతారా?" అని భర్తని అడిగింది.

"ఎంత దూరంనుంచి తొక్కుకుంటూ వచ్చారో. పడుకోనీ. ఆ చూసేదేదో వంటింట్లో చూడు. రెండు నిమిషాల పని."

వంటింటికి ఉన్నది ఒక్క గూటి కిటికీ. దానికెదురుగా పక్కింటి గోడ, మొన్ననే పసుపు రంగు వేశారు. ట్యూబులైటు తెలుపు, గోడ పసుపు కలిసి అన్నీ ఉడికించినట్టు కనిపిస్తాయి. టీచరమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, ఇనుప పుల్లకు తెలుపునుంచి పసుపుదాకా వరసగా గుచ్చిన పదహారు నమూనా పళ్ళను పెదవి దగ్గర ఒక్కొక్కటిగా పెట్టి చూసింది. మూడోదా, నాలుగోదా? లైటు ఆర్పి చూసింది. వేసి చూసింది. ఇంకో రోజు రమ్మందామంటే ఆ పిల్ల సోమవారంనుంచి బళ్ళో చేరాలట. చివరికి నాలుగో నంబరు రాసుకుంది. రాసుకున్నాక కూడా కాసేపు ఆ అంకెకేసి చూస్తూ కూర్చుంది.

పదకొండుకి అతిథులు లేచారు. టీ అందించబోతే తెల్లమ్మాయి గ్లాసు పట్టుకుని, ఆమెను చూపిస్తూ భర్తని ఏదో అడిగింది. ప్రశ్నే. గొంతు చివర్లో పైకి లేచింది. అతను నవ్వుతూ చెయ్యి ఊపి ఏదో చెప్పాడు.

"ఏమంటోంది?"

"టీ బాగుందట."

మధ్యాహ్నం ఆ అమ్మాయి కెమెరా తెచ్చి అలమరలో దవడల్ని దగ్గరగా ఫోటోలు తీసింది. భోజనాలప్పుడు కళ్ళు చెమర్చగా చాలాసేపు మాట్లాడింది. భర్త చేతులు ఊపుతూ వివరించాడు.

"ఏడాదిన్నరగా తిరుగుతున్నారట. ఒక్కరోజూ హోటల్లో పడుకోలేదట. ఏ ఊళ్ళోనైనా జనమే పిలుస్తారట. ఏమీ లేనివాళ్ళే ఎక్కువ పెడతారని తెలిసిందంటోంది."

"ఏమీ లేదని వీళ్ళకెవరు చెప్పార్రా?" అంది అత్తగారు.

ఆ మాట అతను అటు చేరవెయ్యలేదు. నిచ్చెన ఇంకాస్త కూర వేసుకున్నాడు. తెల్లాయన పొడుగు చూసి ఆ పేరు అత్తగారు పెట్టిందే.

బుధవారం టీచరమ్మ పళ్ళు అచ్చులో మరగాలి. మైనం కరిగించి పారబోసి, ఆ ఖాళీలో చిగురు తయారయ్యే గులాబీ ముద్ద కూరి, ఇత్తడి డబ్బాను బిగించి, చన్నీళ్ళలో పెట్టి సన్నసెగ మీద గంటలకొద్దీ కాచాలి. తొందరపడి మంట పెంచితే లోపల బుడగలొస్తాయి. ఉన్నవి రెండు పొయ్యిలు. రెండోదాని మీద అయిదుగురికి వంట. మధ్యలో అతిథుల స్నానానికి వేణ్ణీళ్ళు. భర్త రెండుసార్లు వచ్చి డబ్బా వైపు చూశాడు.

"దీన్ని ఓ అరగంట దింపితే?"

"దింపితే పాడవుతుంది."

"నీళ్ళు కాచాక మళ్ళీ పెట్టుకోవచ్చుగా."

"నేను చెప్పాను కదండీ, పాడవుతుంది."

అతను గొణుక్కుంటూ పక్కింటి పొయ్యి మీద నీళ్ళు కాయించుకొచ్చాడు. ఆ సాయంత్రం ఆమె భర్తను పెరట్లోకి పిలిచింది.

"శుక్రవారం పొద్దున్నుంచి నాకు నా గది కావాలి. వాళ్ళనడగండి."

అతను ముందుగదిలోకెళ్ళాడు. నవ్వులు వినిపించాయి. చేతులు తుడుచుకుంటూ ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి వింది. ఒక్క ముక్క అర్థంకాలేదు. కానీ అడిగేవాడి గొంతు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఆ గొంతు కాదది.

"ఆదివారం దాకా ఉంటారు" అన్నాడు తిరిగొచ్చి. "పార్సిలు అప్పటికిగానీ రాదు. ఇంటికొచ్చినవాళ్ళని పొమ్మంటామా ఏంటి?"

గురువారం పొద్దున మెట్టు మీద మోటారు తిప్పి పళ్ళకు మెరుగు పెట్టింది. తడి మెరుగుపొడిలో ముంచిన గుడ్డచక్రం మీద గులాబీ చిగురు అద్దంలా తేలింది. డాక్టరు దగ్గరకు పంపించి, ఊపిరి పీల్చుకుని, వంటకు కూర్చుంది.

పన్నెండింటికి టీచరమ్మ వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మన్నా రాలేదు. ఆమే బయటికెళ్ళింది.

"ఏమ్మా, కొరుకుతున్నాయా?"

"లేదక్కా. బాగా పట్టాయి. మాట కూడా స్పష్టంగా వస్తోంది."

చెయ్యి మాత్రం ఇంకా నోటి మీదే ఉంది.

"మరి చెయ్యి తియ్యవేం?"

ఆ పిల్ల తీసింది. మిట్టమధ్యాహ్నం ఎండ మొహం మీద నేరుగా పడుతోంది. నాలుగు పళ్ళు వరసలో ఉన్నాయి. పొడుగు సరిగ్గా ఉంది, వంపు సరిగ్గా ఉంది. కానీ రంగు వేరే నోటిది. పక్కనున్న తెల్లటి పళ్ళ మధ్య ఆ నాలుగూ ఎవరో ముసలాయన దగ్గర అరువు తెచ్చుకున్నట్టు పచ్చగా నిలబడ్డాయి.

పదకొండేళ్ళలో ఇలా తిరిగొచ్చిన పని లేదు.

"పర్లేదక్కా" అంది టీచరమ్మ, ఆమె మొహం చూసి తనే ఓదార్చబోతున్నట్టు. "డాక్టరుగారు మెల్లిగా అలవాటైపోతుందన్నారు. నేను నవ్వకపోతే సరిపోతుంది."

ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది ఆ మాట. పాతికేళ్ళ పిల్ల. నవ్వకపోతే సరిపోతుందట.

"తీసి ఇటివ్వమ్మా" అంది. "తప్పు నాది. చీకట్లో చూసి రాశాను. రేపు తొమ్మిదింటికి రా. కిటికీ దగ్గర చూస్తాను."

"అక్కడ మీ చుట్టాలున్నారుగా?"

"ఉన్నారు." పళ్ళను కొంగులో చుట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. "నువ్వు బళ్ళో చెప్పేది వాళ్ళ భాషేగా. నాకో మాట నేర్పు."

పెరటి మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. "ఏం చెప్పాలక్కా? వెళ్ళిపొమ్మనా?"

"వెళ్ళమనడం కాదు. ఈ గది నా పనిగది. పొద్దున పూట నాకు దీని వెలుతురు కావాలి. అంతే. బతిమాలినట్టు ఉండకూడదు, తిట్టినట్టూ ఉండకూడదు. లెక్క చెప్పినట్టు ఉండాలి."

టీచరమ్మ మాట కట్టి పలికింది. ముందుపళ్ళు లేవాయె, సగం అక్షరాల దగ్గర గాలి తుస్సుమని పోతోంది. ఆమె శ్రద్ధగా అదే తుస్సుతో తిరిగి చెప్పింది. టీచరమ్మ దిద్దింది, మళ్ళీ తుస్సు. ఆమె మళ్ళీ చెప్పింది, తుస్సు ఇంకాస్త బలంగా. టీచరమ్మ ఆపుకోలేక నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయి మెట్టు మీద వాలిపోయి మరీ నవ్వింది.

"ఆ గాలి మాటలోది కాదక్కా, నా చిగుళ్ళలోంచి వచ్చేది! అది వదిలెయ్యండి."

"ఏది గాలో ఏది మాటో నాకేం తెలుసు తల్లీ!"

సాయంత్రమంతా గిన్నెలు తోముతూ, పాత పళ్ళను గులాబీ చిగురులోంచి కోసి తీస్తూ, ఆ రెండు వాక్యాలే పలుకుతూ కూర్చుంది. అత్తగారు రెండుసార్లు తొంగిచూసింది.

"ఏమిటే ఆ బుసలు?"

"మాట్లాడ్డం నేర్చుకుంటున్నానత్తయ్యా."

"ఇన్నాళ్ళకా?" అంది ముసలావిడ. వెళ్ళబోయి ఆగి, "ఎవరితో?" అని అడిగింది.

"ముందుగదితో."

అత్తగారు పొయ్యి మీదనుంచి కూరగిన్నె దింపి ఆ చోటు కోడలికి ఖాళీ చేసింది.

శుక్రవారం తొమ్మిదికి అయిదు నిమిషాలు తక్కువ. ఆమె చేతులు సబ్బుతో కడుక్కుంది. పని చేసేటప్పుడు కట్టుకునే మందపాటి గుడ్డ నడుముకు బిగించింది. ముందుగది తలుపు మీద మూడుసార్లు కొట్టింది. లోపల కదలిక. నాలుగోసారి కొట్టబోతుండగా నిచ్చెన తలుపు తీసి, నిద్రకళ్ళతో చూసి నవ్వాడు. వెనక తెల్లమ్మాయి పక్క మీద లేచి కూర్చుంది.

ఆమె నవ్వలేదు. నిలబడి రెండు వాక్యాలూ చెప్పింది. ఒకచోట తుస్సు పడింది, పడనీ అనుకుంది. ముందు గదిని చూపించింది, తర్వాత కిటికీని, తర్వాత తనను.

నిచ్చెన మొహంలో నవ్వు మెల్లగా జారిపోయింది. అమ్మాయి గబుక్కున లేచి నిలబడింది. సరిగ్గా అప్పుడే ఒక చెంపకు సబ్బు నురగతో, చేతిలో బ్లేడుతో భర్త పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నావు నువ్వు?"

"మాట్లాడుతున్నాను."

అతను గబగబా వాళ్ళవైపు తిరిగి ఏదో సర్దిచెప్పబోయాడు. అప్పటికే టీచరమ్మ గేటు తీసుకుని వస్తోంది.

"మీరాగండి" అంది ఆమె భర్తతో. "ఈ పిల్ల చెబుతుంది. ఏం తియ్యకుండా, ఏం కలపకుండా చెబుతుంది."

తెల్లమ్మాయి వరదలా మాట్లాడింది. టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుని విని, ఒకసారి ఆమె భర్తకేసి ఇబ్బందిగా చూసి, మొదలుపెట్టింది.

"రోజూ పొద్దున టీ తాగేటప్పుడు అడుగుతున్నారటక్కా. మేముంటే మీ ఆవిడకి కష్టంగా ఉందా, వెళ్ళిపోమంటారా అని. మీరే ఉండమని పట్టుబడుతున్నారని, వెళ్తే బాధపడతారని ఈయన చెప్పారట."

"టీ బాగుందన్నారని చెప్పారు నాకు" అంది ఆమె.

"ఈ గది..." టీచరమ్మ కాస్త తడబడింది. "ఇది పనిగదని వాళ్ళకి తెలీదట. దవడలు చూసి ఏమిటివని అడిగితే, మీకదో సరదా అన్నారట. తోచనప్పుడు మట్టితో చేసుకుంటారని."

భర్త చెంప మీది నురగ ఆరిపోయి చిట్లుతోంది. ఆమె అతనికేసి చూసింది. కోపం రాలేదు, అదే ఆమెకు వింతగా అనిపించింది. సరదా. పదకొండేళ్ళుగా ఊళ్ళో ఎంతమంది గట్టి ముక్క కొరుకుతున్నా అది ఈ సరదా చలవే.

నిచ్చెన తన సంచిలోంచి పర్సు తీశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దని చెప్పమ్మా. నేను అద్దె అడగలేదు. గది అడిగాను."

అమ్మాయి అప్పటికే దుప్పట్లు మడతపెట్టేస్తోంది. ఊళ్ళో ఏదైనా లాడ్జికి వెళ్ళిపోతారట. ఇప్పుడే. మొహం ముక్కుతో సమానంగా ఎర్రబడింది.

"ఆగమను" అంది ఆమె. "సిగ్గుపడి పారిపోతే నేను తరిమినట్టవుతుంది. మొన్న వీళ్ళని పిలిచింది ఈయన. ఇవాళ నేను పిలుస్తున్నాను. ఉండమను. రాత్రి ఇక్కడే పడుకోవచ్చు. ఏడింటికల్లా పక్కలు చుట్టెయ్యాలి. కంచాలు కడుక్కోవాలి. ఏదైనా అడగాలంటే నన్నే అడగాలి, ఈయన్ని కాదు. ఇష్టమైతే ఉంటారు, లేకపోతే లేదు. నాకేం బాధ ఉండదు."

టీచరమ్మ ఒక్కో మాటకూ వేలు మడుస్తూ చెప్పింది. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మాయి ఏదో అడిగింది.

"బల్ల ఎక్కడ వేయాలి అంటోందక్కా."

వంటింట్లోంచి బల్లను నిచ్చెన ఒక వైపు, సగం గడ్డంతో భర్త ఒక వైపు పట్టుకుని తెచ్చారు. కిటికీ రెక్కలు బార్లా తెరిచింది. తొమ్మిదింబావు వెలుతురు, ఏ రంగూ అంటనిది, బల్ల మీద పరుచుకుంది. టీచరమ్మ కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చింది. నమూనాల పుల్ల పెదవి దగ్గర పెట్టి ఆమె చూసింది. ఒక్క చూపు చాలింది. నాలుగు కాదు, మూడు కూడా కాదు. రెండు.

తెల్లమ్మాయి ఆ పూటంతా బల్లకు అడుగు దూరంలో నేల మీద కూర్చుంది. కెమెరా తియ్యలేదు. చూస్తూ కూర్చుంది. మైనపు తునకలు నేల మీద పడితే ఏరి డబ్బాలో వేసింది.

భర్త ఆ రోజు టాక్సీ తియ్యలేదు. సాయంత్రం ఆమె పెరట్లో అచ్చు కడుగుతుంటే వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇరవై ఏళ్ళుగా వీళ్ళ పెట్టెలు మోస్తున్నాను. హోటల్ మెట్ల దాకానే. అద్దాల తలుపు తీసుకుని వాళ్ళు లోపలికెళ్తారు, నేను బండి దగ్గర నిలబడతాను. ఒక్కసారైనా వీళ్ళు నా గుమ్మం తొక్కితే చూడాలనిపించింది. నా ఇంట్లో, నా మాట మీద."

"తొక్కారుగా."

"నువ్వు నలుగురిలో..."

"నలుగురిలోనే నన్ను సరదా మనిషిని చేశారు." ఆమె అచ్చు మీది నీళ్ళు దులిపింది. "మీ ముచ్చట తప్పని అనను. కానీ మీరు పెద్దమనసు చూపించుకోడానికి నా చోటిచ్చేశారు, నా పొయ్యి ఇచ్చేశారు, ఆఖరికి నా నోరు కూడా ఇచ్చేశారు. అవి ఎవరివో ఆ మనిషినడగాలిగా? పిలవండి, ఎవర్నైనా పిలవండి. ముందు నన్నడగండి."

అతను లేచి, మోటారు బరువుగా ఉంటుందని, దాన్ని ఎత్తుకుని ముందుగదిలో దాని పాతచోట పెట్టొచ్చాడు.

శనివారం మధ్యాహ్నం టీచరమ్మ ఎండలో నిలబడింది. ఈసారి చెయ్యి తియ్యమని చెప్పాల్సిన పని లేకపోయింది. ఏది సొంత పన్నో ఏది కట్టిందో పళ్ళావిడకే ఒక్క క్షణం పట్టింది. అత్తగారు అద్దం తెచ్చిచ్చింది. ఆ పిల్ల అద్దంలోకి చూసుకుని నవ్వింది. నవ్వి, ఇంకోసారి నవ్వి చూసుకుంది.

ఆ సాయంత్రమే పార్సిలు వచ్చింది. ఆదివారం పొద్దున ఏడింటికి సైకిళ్ళు గేటు దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఇరుగుపొరుగు సాగనంపడానికి చేరారు. టీచరమ్మ లేదు. తెల్లమ్మాయి ఆమె ఎదురుగా వచ్చి నిలబడి, భర్తకేసి చూసి, మీరే చెప్పాలి అన్నట్టు తలూపి మొదలుపెట్టింది. మెల్లగా, ఒక్కో వాక్యం దగ్గర ఆగుతూ.

భర్త గొంతు సవరించుకున్నాడు. "థాంక్స్ చెబుతోంది. నీ గది గురించి."

ఆమె అతన్నే చూస్తూ నిలబడింది. అతను నేలకేసి చూశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి వేరే గొంతుతో.

"నాలుగు రోజులు నీ గదిలో నిన్నడక్కుండా ఉన్నాం అంటోంది. మీ ఆయన..." ఆగాడు. పక్కింటాయన చెవులు రిక్కించాడు. "మీ ఆయన మాకు అబద్ధం చెప్పాడు. కానీ నువ్వు వంటింట్లో లైటు కింద కూర్చుని పని చేసుకోవడం నేను కళ్ళారా చూశాను. చూసి కూడా ఆయన మాటే నమ్మాను. ఎందుకంటే అది నమ్మితే మాకు హాయిగా ఉంది. ఇంకా ఎన్నిళ్ళల్లో అలా నమ్మి పడుకున్నామో అనుకుంటే రాత్రి నిద్రపట్టలేదు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "అంతే. ఇంకేం వదల్లేదు."

అతను నిజంగానే ఏమీ వదల్లేదని ఆమెకు టీచరమ్మ అవసరం లేకుండానే తెలిసింది. వదిలేద్దామనుకుంటే మొదట వదిలేది ఏ ముక్కో ఆమెకు తెలుసు.

"దారిలో మళ్ళీ ఎవరైనా పిలుస్తారు" అంది అమ్మాయితో. "వెళ్ళొద్దని చెప్పను. వెళ్ళండి. కానీ గుమ్మంలో నిలబడ్డవాళ్ళనే కాదు, లోపల పొయ్యి దగ్గరున్నావిణ్ణి కూడా అడగండి. భాష రాకపోతే చేత్తో అడగండి. అర్థమవుతుంది."

భర్త చెప్పాడు. అమ్మాయి తల ఊపింది. చెయ్యి చాచి, సందేహించి, ఆమె కళ్ళల్లోకి ప్రశ్నలా చూసింది. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. గట్టి చెయ్యి, హ్యాండిల్ పట్టి పట్టి కాయలు కాసింది. సైకిళ్ళు వీధి చివరకు చేరి మలుపు తిరిగాయి. మలుపులో నిచ్చెన తల గోడ మీదుగా కాసేపు కనిపించింది.

ఆమె లోపలికొచ్చి ప్లాస్టరు కలపడం మొదలుపెట్టింది. డాక్టరు కొత్తగా మూడు అచ్చులు పంపాడు. భర్త గేటు దగ్గరనుంచి వచ్చి ముందుగది గుమ్మం అవతలే ఆగాడు. లోపలికి రాలేదు.

"మా టాక్సీ స్టాండులో కొత్తాయన ఒకడున్నాడు" అన్నాడు. "ఊరికి కొత్త. ఒక్కడే. బుధవారం భోజనానికి పిలుద్దామనుకుంటున్నా. నీకు వీలవుతుందా?"

ఆమె చేతిలో గరిట ఆగింది. బల్ల మీది దవడలకేసి చూసింది. ఎన్ని మిగిలాయి, ఏది ఎప్పటికివ్వాలి, పొయ్యి ఏ రోజు ఖాళీ, అన్నీ లెక్కవేసుకుంది. కారణం మొత్తం నాలుక చివర సిద్ధం చేసుకుంది.

"ఈ వారం కుదరదు" అంది.

"సరే అయితే" అన్నాడతను, కండువాతో మొహం తుడుచుకుని టాక్సీ వైపు వెళ్ళిపోయాడు.

కారణం అలాగే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు. ఆమె ఒక్క క్షణం గుమ్మంకేసి చూసి, ప్లాస్టరు గట్టిపడేలోపు మొదటి అచ్చు దగ్గరకు లాక్కుంది.